కార్పొరేటర్‌కి ఓటేస్తే నాకేం ఒరుగుతుంది?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి తొమ్మిదేళ్లయింది. పెళ్లయ్యాక ఇక్కడే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. నా ఓటు మాత్రం ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలకు సెలవు పెట్టి మరీ వెళ్లి వేసి వచ్చాను. పోటీ చేసినాయన నాకు వరసకు బాబాయ్ అవుతాడు. నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు. ఇక్కడ కార్పొరేషన్ ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా ఓటు మార్చుకుందామా అనిపిస్తుంది. మా ఆయన మాత్రం "కార్పొరేటర్ చేతిలో ఏముంటుంది? పార్టీలన్నీ ఒకటే. మన ఓటుతో ఇక్కడ గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు" అంటారు. ఆయన ఓటు ఇక్కడే ఉంది, అయినా 2020లో వేయలేదు. గట్టి వాన పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. పోయిన ఏడాది బాబుకు డెంగీ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, ఆ టెన్షన్ ఇంకా పోలేదు. ఇంకో సంగతి. ఊళ్లో ఓటు తీయించుకుంటే పొలం మీద హక్కు పోతుందేమోనని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓటు హైదరాబాద్‌కు మార్చుకోండి. కార్పొరేటర్ ఎన్నిక రోజున తప్పకుండా వేయండి, మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఎందుకంటారా? దానికి జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది.

మీ బాబాయ్‌గారు మీకు నాలుగైదుసార్లు ఎందుకు ఫోన్ చేశారు? బంధుత్వం కొంత కావచ్చు. అసలు కారణం, ఆయన లెక్కలో మీరు ఉన్నారు. చిన్న ఊళ్లో పోటీ చేసే మనిషికి ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు హైదరాబాద్‌లో ఉన్నారో, ఎవరు సూరత్‌లో ఉన్నారో, ఎవరు బస్సెక్కి వస్తారో అంతా నోటికి వచ్చు. ఒక్కో ఓటు లెక్కపెట్టుకుంటారు. లెక్కలో ఉన్నారు కాబట్టే రేపు మీ అమ్మగారి ఇంటి ముందు వీధి దీపం వెలగకపోతే ఆవిడ నేరుగా ఆయన ఇంటికి వెళ్లి "ఏమయ్యా, ఓటేయించుకున్నావు కదా" అని నిలదీయగలరు. ఆ డిసెంబరు ఎన్నికల్లో తెలంగాణ పల్లెల్లో నూటికి ఎనభై మందికి పైగా ఓటేశారు. తమ ఓటు ఎక్కడ పనిచేస్తుందో వాళ్లకు కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టే అంతమంది కదిలారు.

ఇప్పుడు మీ వీధి సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో 2020 డిసెంబరు 1న నగర కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఎన్నికలు జరిగాయి. ఓటర్లు 74 లక్షల పైచిలుకు. వేసినవాళ్లు 46.55 శాతం. ఆ పోలింగుకు సరిగ్గా ఏడు వారాల ముందు, అక్టోబరు 13న కురిసిన వానకు ఈ నగరం ఎలా మునిగిందో చూశాం. కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మనుషులు వరదలో కొట్టుకుపోయారు. నాలాలు ఎవరు ఆక్రమించారు, చెరువు శిఖం భూముల్లో ఇళ్లకు అనుమతులు ఎవరిచ్చారు అని ఎక్కడ విన్నా అదే చర్చ. అటువంటి అక్టోబరు తర్వాత వచ్చిన డిసెంబరులో కూడా సగానికి పైగా జనం బూత్ వైపు వెళ్లలేదు. కరోనా భయం కొంత కారణమే, కాదనను. కానీ ఆ భయం లేని 2016లోనూ పోలింగు 45 శాతం దగ్గరే ఆగింది. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

మీవారి మాటను ఈ లెక్కతో ఒకసారి సరిచూడండి. అప్పుడు 150 డివిజన్లు, అంటే ఒక్కో కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డులు, ఉండేవి. సగటు తీస్తే డివిజన్‌కు యాభై వేల మంది ఓటర్లు, పోలైనవి ఇరవై మూడు వేలు. ముగ్గురు నలుగురు గట్టిగా పోటీ పడే చోట పది వేల ఓట్లు తెచ్చుకున్న మనిషి గెలుపు దరిదాపుల్లో ఉన్నట్టే. అంటే డివిజన్‌లో ఐదుగురిలో ఒకరు మొగ్గితే చాలు, ఐదేళ్లు ఆ ప్రాంతానికి ఆయనో ఆవిడో ప్రతినిధి. మీ అపార్ట్‌మెంట్‌లో వంద ఫ్లాట్లుంటే రెండు వందల ఓట్లకు తక్కువ ఉండవు. పక్కన అలాంటివి ఐదారు ఉంటే వెయ్యి దాటుతాయి. పదివేల ఓట్ల గెలుపులో వెయ్యి ఓట్లు అంటే ఏ అభ్యర్థీ తేలిగ్గా తీసుకోలేడు. 2017లో ముంబయి కార్పొరేషన్ ఎన్నికల్లో గిర్‌గావ్ ప్రాంతంలోని 220వ వార్డులో ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వచ్చాయి. చివరికి చీటీ తీసి గెలిచిందెవరో తేల్చారు. కోటికి పైగా జనం ఉన్న మహానగరంలో ఒక వార్డు భవిష్యత్తును లాటరీ తేల్చింది. ఆ రోజు ఇంట్లో ఉండిపోయిన ఏ ఒక్కరు వచ్చినా కథ వేరేగా ఉండేది.

గెలుపు ఓటముల సంగతి పక్కన పెట్టినా ఇంకో విషయం ఉంది. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఓటు ఎవరికి వేశామన్నది రహస్యం. వేశామా, లేదా అన్నది రహస్యం కాదు. బూత్‌లో అభ్యర్థుల తరఫున ఏజెంట్లు కూర్చుంటారు. ఓటరు జాబితా చేతిలో పెట్టుకుని, వచ్చినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోతారు. మధ్యాహ్నానికి ఏ వీధి వాళ్లు వచ్చారు, ఏ అపార్ట్‌మెంట్ నుంచి ఎవరూ దిగలేదు అన్నది బయట టేబుల్ వేసుకుని కూర్చున్న వాళ్లకు తెలిసిపోతుంది. ఆ కాగితాలను ఎన్నికలయ్యాక పారేయరు. ఐదేళ్ల తర్వాత మళ్లీ వాటినే తీస్తారు. మధ్యలో రోడ్డు మంజూరైతే ముందు ఏ వీధికి వేయాలి, మురుగు కాలువ పూడిక ముందు ఎక్కడ తీయించాలి అన్నప్పుడు ఆ జ్ఞాపకం పనిచేస్తుంది. ఇది న్యాయమని నేను అనడం లేదు. ఓటేయని వీధికి కూడా అన్ని సౌకర్యాలూ అందాలి. కానీ సమయమూ డబ్బూ పరిమితంగా ఉన్న ఒక ప్రజాప్రతినిధి, తన గెలుపులో గానీ ఓటమిలో గానీ చోటే లేని వీధిని ముందు తలచుకుంటాడని ఆశించడం కష్టం. ఊళ్లో మీ బాబాయ్ లెక్కలో ఉన్న మీరు, తొమ్మిదేళ్లుగా నివసిస్తున్న ఈ నగరంలో ఎవరి లెక్కలోనూ లేరు. మీవారి పేరు జాబితాలో ఉంది కానీ పక్కన టిక్కు లేదు.

ఇక్కడ బస్తీల గురించి ఒక మాట చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో నేను తరచూ వినే మాట, "బస్తీ వాళ్లు డబ్బులు తీసుకుని ఓటేస్తారు, గెలుపు అక్కడే తేలిపోతుంది" అని. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. డబ్బు పంపకం లేదని కాదు. కానీ బస్తీలో ఉండే ఆడమనిషి పని మానుకుని లైన్లో నిలబడటానికి అంతకంటే పెద్ద కారణం ఉంది. ఆమెకు కార్పొరేటర్ అవసరం. వీధి కుళాయికి నీళ్లు రాకపోతే ట్యాంకర్ కొనుక్కునే స్తోమత లేదు. డ్రైనేజీ పొంగితే మురుగు నేరుగా ఇంట్లోకి వస్తుంది. పింఛను ఆగిపోతే ఎవరి దగ్గరికి పోవాలో తెలియాలి. కాబట్టి వేస్తుంది. మనం ట్యాంకరు కొనుక్కుంటాం, ఇన్వర్టరు పెట్టుకుంటాం, గేటు దగ్గర కాపలా మనిషిని పెట్టుకుంటాం, ఇక కార్పొరేషన్‌తో పనేముంది అనుకుంటాం. కానీ వాన నీరు గేటు దగ్గర ఆగదు. దోమ కాపలా మనిషిని అడిగి లోపలికి రాదు. మీ బాబు విషయంలో మీకు తెలిసిన సంగతే కదా, నేను వేరే చెప్పాలా?

డబ్బు గురించి ఒక చిన్న లెక్క. ఒక అభ్యర్థి రెండు వేల ఓట్లు కొన్నాడనుకోండి. ఇరవై మూడు వేల మంది వేసిన చోట ఆ రెండు వేలు గెలుపును తిప్పేయగలవు. నలభై వేల మంది వేసిన చోట వాటి బలం దాదాపు సగానికి పడిపోతుంది. కొన్న ఓటుకు విరుగుడు కొనని ఓటే.

ఇక "కార్పొరేటర్ చేతిలో ఏముంటుంది?" అన్న ప్రశ్న. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచి మీకు సలహా చెప్పడం నాకు ఇష్టం లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. రోడ్లు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, మురికివాడల అభివృద్ధి, పట్టణ ప్రణాళిక, అన్నీ అందులోవే. కానీ వాటిని పూర్తిగా అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. అందుకే హైదరాబాద్‌లో మంచినీళ్లు, మురుగునీరు జలమండలి చేతిలో, కరెంటు డిస్కం చేతిలో ఉన్నాయి. కార్పొరేషన్‌లో కూడా ఉత్తర్వులు అమలు చేసే అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. కార్పొరేటర్ సంతకం పెడితే పని మొదలైపోదు.

అయినా చేతిలో ఏమీ లేదనడం సరికాదు. నగర బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వస్తుంది. మీరు ఏటా కట్టే ఆస్తి పన్ను అందులోదే. డివిజన్‌లో ఏ పనులు కావాలో ప్రతిపాదనలు పంపేది కార్పొరేటర్. స్టాండింగ్ కమిటీకి సభ్యులను ఎన్నుకునేదీ, మేయర్‌ను ఎన్నుకోవడంలో ఓటేసేదీ వాళ్లే. కౌన్సిల్ సమావేశంలో కమిషనర్‌ను, ఇంజనీర్లను నిలబెట్టి "ఈ నాలా పనికి టెండరు పిలిచి ఎన్నాళ్లయింది?" అని అడిగే హక్కు వాళ్లకుంది. జలమండలి కార్పొరేషన్ కింద లేకపోయినా, పొంగుతున్న మ్యాన్‌హోల్ గురించి అక్కడి మేనేజర్‌కు మీరు ఫోన్ చేయడానికీ, ఆ ప్రాంత కార్పొరేటర్ వచ్చి పక్కన నిలబడటానికీ తేడా ఉందని అక్కడ పనిచేసే వాళ్లను అడిగినా చెబుతారు. ఎమ్మెల్యేకు లక్షల మంది ఓటర్లు, ఎంపీకి అంతకు ఎన్నో రెట్లు. మీ ఇంటికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండే ప్రజాప్రతినిధి కార్పొరేటర్ ఒక్కరే.

అధికారాలు ఇంకా రావాలంటే ఎవరు అడగాలి? 1996లో కేరళ ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చింది. అక్కడ స్థానిక ఎన్నికలంటే జనం అసెంబ్లీ ఎన్నికలంత పట్టుదలగా పాల్గొంటారు. మన దగ్గర ఆ ఒత్తిడి లేదు. లేకపోవడం వల్ల ఏం జరిగిందో చూడండి. ఐదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం చెబుతోంది. గడువు ముగిసేలోపే కొత్త పాలకవర్గం రావాలని సుప్రీంకోర్టు 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో గట్టిగా చెప్పింది. అయినా విశాఖపట్నంలో 2012 నుంచి 2021 వరకు కార్పొరేటర్లే లేరు. ముంబయిలో 2022 మార్చిలో గడువు ముగిస్తే 2026 జనవరిలో గానీ ఎన్నికలు జరగలేదు. మీ ఊరి సంగతే తీసుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచ్ లేకుండా ప్రత్యేక అధికారితోనే గడిచింది. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే గ్రాంటు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది కాబట్టి ఆ కాలంలో కేంద్రం డబ్బు కూడా పల్లెలకు సరిగా అందలేదు. అసెంబ్లీ ఎన్నికలను ఇలా ఏళ్ల తరబడి వాయిదా వేస్తే జనం ఊరుకుంటారా? ఊరుకోరని ప్రభుత్వాలకు తెలుసు. స్థానిక ఎన్నికల విషయంలో ఊరుకుంటారనీ తెలుసు. సగం మంది ఓటే వేయని ఎన్నికను వాయిదా వేస్తే అడిగేదెవరు?

"పార్టీలన్నీ ఒకటే" అన్నదానికి పెద్దగా చెప్పను. కార్పొరేటర్ ఎన్నికలో పార్టీని పక్కన పెట్టి మనిషిని చూడటం చాలా తేలిక. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇస్తారు, అది చదవండి. ప్రచారానికి మీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు మీ వీధిలో నీళ్లు ఎటు పోవాలో, ఎక్కడ అడ్డం పడుతోందో అడగండి. తెలిసినవాళ్లు ఎవరో, "చూద్దాం మేడమ్" అనేవాళ్లెవరో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా రాజ్యాంగం చెబుతోంది. మన డివిజన్‌లో అది ఎప్పుడు కూర్చుంటుంది అని కూడా అడగండి. పదిమంది అడిగితే వాళ్లు జవాబు వెతుక్కుని వస్తారు.

అమ్మగారి భయం గురించి. అది చాలామందిలో ఉంది, అందుకే స్పష్టంగా చెబుతున్నాను. ఓటరు జాబితాకూ భూమి హక్కుకూ ఏ సంబంధమూ లేదు. మీ పేరున పొలం ఉంటే పట్టాదారు పాసుపుస్తకంలో ఉంటుంది, రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది. అమ్మ పేరున ఉంటే రేపు వారసత్వంగా మీకు రావడానికి మీ ఓటు ఎక్కడుందని ఎవరూ అడగరు. నిజానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే ఓటు ఉండాలి. ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి ఓటరు అయిపోరు. రెండు చోట్ల పేరు ఉండకూడదు కూడా. కాబట్టి ఊళ్లో ఒకటి ఉంచుకుని ఇక్కడ ఇంకోటి తీసుకుందాం అన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి, అది నేరం.

ఊరితో బంధం తెగిపోతున్నట్టు అనిపించడం సహజం. మీరు సెలవు పెట్టుకుని వెళ్లి ఓటేసి వచ్చారంటే ఆ ఊరంటే మీకు ఎంత ఇష్టమో అర్థమవుతోంది. బాబాయ్‌గారు కూడా కొంచెం నొచ్చుకుంటారేమో. ఆయనకు ఫోన్ చేసి మీరే ముందుగా చెప్పండి. ఊరి రోడ్డు మీద రోజూ నడిచేది అక్కడివాళ్లు, దాని గురించి వాళ్లే తేల్చుకోవాలి. మీరు, మీ బాబు రోజూ నడిచేది హైదరాబాద్ వీధిలో.

ఇప్పుడు చేయాల్సిన పని. స్థానిక ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కానీ జాబితాను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తీసుకుని డివిజన్ల వారీగా విడదీస్తుంది. కాబట్టి మీరు అసెంబ్లీ జాబితాలోనే మార్పు చేయించుకోవాలి. చిరునామా మారినవాళ్ల కోసం ఉన్నది ఫారం 8. కేంద్ర ఎన్నికల సంఘం పోర్టల్‌లో నింపవచ్చు, లేదా మీ ప్రాంత బూత్ స్థాయి అధికారికి (బీఎల్ఓ) ఇవ్వవచ్చు. ప్రస్తుత చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లు గానీ బ్యాంకు పాసుపుస్తకం గానీ జతచేయండి. ఇక్కడ పేరు ఎక్కాక ఊళ్లో పేరు తీసేసే బాధ్యత వాళ్లదే, అయినా తీశారో లేదో మీరొకసారి చూసుకోండి. డివిజన్ల హద్దులు మారినప్పుడల్లా ఒకే అపార్ట్‌మెంట్‌లో సగం పేర్లు ఒక వార్డులో, సగం ఇంకో వార్డులో పడే అవకాశం ఉంది. అందుకని వార్డుల వారీ ముసాయిదా జాబితా పెట్టినప్పుడు మీ ఇద్దరి పేర్లూ, వీలైతే మీ ఫ్లోరులో ఉన్న మిగతా వాళ్ల పేర్లూ వెతకండి. తప్పుంటే అభ్యంతరం చెప్పడానికి గడువు చాలా తక్కువ ఇస్తారు.

నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అనుకుంటే ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం ఫారం 8 నింపేయండి. మీవారి పేరు ఇంకా జాబితాలో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. 2020 తర్వాత ఆయన ఎప్పుడూ సరిచూసుకుని ఉండరు.